గేటు దగ్గరి అంగ్‌సానా

విశ్వేశ్వరరావుగారికి బ్యాంకు జీతమిచ్చేది జరగని వాటికి. రిస్కు విభాగంలో పెద్ద ఉద్యోగం. అప్పు మునగకపోతే అది తన గొప్ప, మునిగితే తన మాట వినని వాళ్ల తప్పు. ఇంత సుఖమైన ఉద్యోగం మరొకటి లేదు. తన సర్వీసంతటిలో తన చేతి మీదుగా ఒక్క పొరపాటూ జరగలేదని సింగపూర్ సెరంగూన్‌లో పరిచయమైన ప్రతి తెలుగువాడికీ ఆయన మొదటి కాఫీలోనే చెప్పేస్తారు. రెండో కాఫీకి ఎవరూ ఉండరు.

ఈ జాగ్రత్త ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. అమలాపురం పక్కన కాలువల మధ్య పుట్టి కూడా మునిగిపోతానేమోనని ఆయన ఈత నేర్చుకోలేదు. ఈత రానివాడే మునుగుతాడురా అని తాతగారు చెబితే బాగా ఆలోచించి, కాలువ గట్టు మీద నడవడం కూడా మానేశారు. సింగపూర్ వచ్చాక రెండు గొడుగులు మోయడం మొదలుపెట్టారు, ఒకటి వానకు, ఇంకొకటి మొదటిది పోతే. తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో అందరూ ఒక టిష్యూ ప్యాకెట్టు పడేసి టేబుల్ ఆపుకుంటారు, దాన్నే చోప్ చేయడమంటారు. ఈయన టిష్యూ ప్యాకెట్టు పెట్టి, దాని మీద గొడుగు పెట్టి, గొడుగు పక్కన భార్య సూర్యకుమారిగారిని కూర్చోబెట్టి మరీ దోసెకు వెళతారు. కూతురు ఉజ్వల చిన్నప్పుడే ఆయనకు కియాసు నాన్న అని పేరు పెట్టింది. ఎక్కడ నష్టపోతామోనని నిత్యం కంగారు పడేవాణ్ని ఈ ఊళ్లో అలా అంటారు. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నారు.

ఇలాంటి మనిషి తామున్న కాండోలో, అంటే ఫ్లాట్ల సముదాయంలో, కౌన్సిల్‌కు చైర్మన్ కాకుండా ఎలా ఉంటాడు? ఆ పదవి ఇంకెవరికీ అక్కర్లేకపోవడం కూడా కలిసొచ్చింది. ఎన్నికైన నెలలోనే లిఫ్టుల్లో నోటీసులు మొలిచాయి. ఈత కొలను లోతు వైపు "లోతు" అని, లోతు లేని వైపు "అయినా జాగ్రత్త" అని బోర్డులు వెలిశాయి. కొత్త కారుకు కొబ్బరికాయ కొడితే చిప్ప ఎగిరి ఎవరి కంట్లోనైనా పడొచ్చు కాబట్టి, కాయను గోనెసంచిలో పెట్టి కొట్టాలన్నారు. అలా కొట్టిన కాయ పగిలిందో లేదో దేవుడికీ తెలియదు, కొట్టినవాడికీ తెలియదు. నియమం తప్పినవాళ్ల ఫ్లాటు నంబరు వారం రోజులు లిఫ్టులో అంటించాలన్నది కూడా ఆయన ఆలోచనే. పరువు పోతుందన్న భయాన్ని మించిన తాళం కప్ప లేదనేవారు.

ఆ కాండో గేటు దగ్గర ఒక అంగ్‌సానా చెట్టు ఉండేది. భవనాల కంటే పాతది. కొమ్మలు గొడుగులా కిందికి వాలి, గేటు గదినీ సగం రోడ్డునూ నీడలో ఉంచేది. ఏడాదిలో ఎప్పుడో ఒకనాడు, ఎవరికీ చెప్పకుండా, చెట్టంతా ఒక్కసారే పసుపుపచ్చగా పూసేది. మర్నాటికి పూలన్నీ నేల మీద ఉండేవి. ఆ రోజున స్కూలు బస్సు కూడా మెల్లగా వెళ్లేది.

సూర్యకుమారిగారికి ఆ చెట్టంటే ప్రాణం. వాళ్ల నాన్నగారు రంపచోడవరంలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఆవిడ వేగిస చెట్ల కింద ఆడుకుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో, భాష రాక, తోడు లేక, ఒంటరిగా గేటు దాకా నడిచి వెళ్లినప్పుడు, ఎవరో కొట్టిన కొమ్మ నుంచి నెత్తురు లాంటి ఎర్రటి జిగురు కారడం చూసింది. వేగిస కూడా అలాగే కారుస్తుంది. "ఇది మా వేగిసకు చుట్టమండీ" అని ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన పేపరు మడవకుండానే "ఊఁ" అన్నారు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆవిడ ఆ చెట్టు కిందే కూర్చునేది. ఉజ్వలకు అన్నం తినిపించింది అక్కడే, మలయ్ ఆంటీల దగ్గర వాళ్ల మాట నేర్చుకున్నది అక్కడే, తల్లి పోయిందని ఫోను వచ్చిన రోజున ఏడ్చిందీ అక్కడే. విశ్వేశ్వరరావుగారికి మాత్రం అది ట్యాక్సీవాళ్లకు చెప్పే గుర్తు. "గేటు దగ్గర పెద్ద చెట్టు ఉంటుంది, అక్కడ ఆపండి" అనేవారు. తల ఎత్తి దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

కిందటేడు వానలు మొదలవకముందు ఆ చెట్టుకు ఒక కొమ్మ ఎండింది. ఆకులు పసుపు రంగుకు తిరిగి, వేలాడి, రాలకుండా అలాగే ఉండిపోయాయి. కొమ్మ మొదలు దగ్గర బెరడు మీద గుండుసూది బెజ్జాలు, వాటి కింద సన్నటి రంపపు పొట్టు కనిపించాయి. చూసింది సూర్యకుమారిగారే. మూడో బ్లాకు ఇఫ్తేఖార్‌గారి అమ్మాయి ఆలియా చెట్ల వైద్యం చదువుకుంది. తాళ్లు కట్టుకుని చెట్లెక్కి వాటికి వైద్యం చేయడమే ఆమె ఉద్యోగం. సూర్యకుమారిగారు ఆమెను పిలిపించింది.

ఆలియా ఆ కొమ్మను మొదలంటా కోసి, కోసిన చోట చెక్కలో నల్లటి చారలు చూపించింది. ఆ పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, మాట మాత్రం నాన్న దగ్గర నేర్చుకున్న హైదరాబాదు తెలుగు.

"ఎండు తెగులు అంకుల్. పురుగు బెజ్జం చేస్తది, దాంతోని బూజు లోపలికి పోతది. చెట్టు నీళ్లు తాగే దారులుంటయ్ కదా, గవే పట్టుకుంటది."

"అయితే చెట్టు పోయినట్టేనా?" అన్నారు విశ్వేశ్వరరావుగారు.

"పోవచ్చు, పోకపోవచ్చు. కొన్ని చెట్లు తట్టుకుంటయ్. రోగం దగ్గర గోడ కట్టుకుని, పక్క నుంచి కొత్త చెక్క పెంచుకుంటయ్. ఇది తట్టుకునే రకమైతే మనకు అదృష్టం. జర ఆగి చూద్దాం."

"తట్టుకునే అవకాశం ఎంత శాతం?"

"మేబీ, అంకుల్. అంతే చెప్తా."

మేబీ అన్న మాటను ఆయన తన సర్వీసులో ఏ రిపోర్టులోనూ రాయలేదు. రిస్కు విభాగంలో మూడే రంగులు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మేబీకి రంగు లేదు. ఆయన ఇంటికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని చెట్ల తెగుళ్ల గురించి వెతికారు. వెతికినవాడికి దొరకనిదేముంది? ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఎల్మ్ అనే చెట్లు ఇలాంటి తెగులుకే ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయని దొరికింది. బెరడు కింద దూరే పురుగు, దాని ఒంటికంటుకుని వచ్చే బూజు, అంతా మన కథే. అందులో ఒక వింత కూడా ఉంది. బూజు లోపలికి వచ్చిందని తెలియగానే ఎల్మ్ చెట్టు హడలిపోయి, అది పాకకుండా తన నీటి దారులు తనే మూసేసుకుంటుందట. ఒకటి మూస్తుంది, పక్కది మూస్తుంది, అన్నీ మూస్తుంది. చివరికి నీళ్లందక చస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు విశ్వేశ్వరరావుగారికి తనకు తెలిసినవాళ్లెవరూ గుర్తుకు రాలేదు.

అదే వ్యాసం రెండో పేజీలో, కొన్ని ఎల్మ్‌లు చావకుండా నిలబడ్డాయనీ, అవి రోగమున్నంత మేరకే మూసి మిగతా దారులు తెరిచి ఉంచుకుంటాయనీ, వాటి కొమ్మలు తీసుకుని జనం మళ్లీ ఎల్మ్ తోటలు పెంచుకుంటున్నారనీ ఉంది. ఆయన రెండో పేజీకి వెళ్లలేదు. అప్పటికే మొదటి పేజీతో స్లైడ్లు చేయడం మొదలుపెట్టారు.

కౌన్సిల్ సమావేశంలో ఆ స్లైడ్లు అందరినీ భయపెట్టాయి. మోడైన ఎల్మ్‌లు, రంపాలు, బూడిద. ఎనిమిదో అంతస్తు సుధాకరరావు అనంతపురం మనిషి. చైర్మన్ కుర్చీ మీద అతనికి కన్నుందని అందరికీ తెలుసు. అతను మెల్లగా అడిగాడు.

"సార్, మన కాంపౌండులో ఎల్మ్ చెట్లు ఎన్నుండాయి?"

"ఒక్కటీ లేదు."

"మరి?"

"లేకుండా జాగ్రత్త పడ్డాం కాబట్టే లేవు" అన్నారు విశ్వేశ్వరరావుగారు. ఆయన తెచ్చిన కొత్త నియమం ఆమోదమైంది. అంగ్‌సానా నుంచి పుల్ల గాని, ఆకు గాని, రాలిన పువ్వు గాని ఎవరూ ముట్టకూడదు, బయటికి తీసుకుపోకూడదు. చెట్టు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. సూర్యకుమారిగారు కూర్చునే బెంచీ రిబ్బను లోపల పడిపోయింది.

"పురుగులకు రిబ్బను కనిపిస్తుందా అండీ?" అని ఆవిడ ఇంట్లో అడిగింది.

"మనుషులకు కనిపిస్తే చాలు" అన్నారాయన.

ఇంతలో మాఘమాసానికి ఉజ్వల పెళ్లి కుదిరింది. అల్లుడు కృష్ణచైతన్య ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. మంచివాడు. మామగారి జాగ్రత్తలు విని నవ్వకుండా ఉండగలిగినవాడు. పెళ్లికి విశ్వేశ్వరరావుగారు ఇద్దరు పురోహితులను మాట్లాడారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఉంటారని. రెండో ఆయన ఎవరికీ జ్వరం రాకుండానే వచ్చి, మంత్రాల్లో మొదటాయన తప్పులు పట్టుకుంటూ కూర్చున్నాడు.

అసలు గొడవ పెళ్లిరాట దగ్గర వచ్చింది. పెళ్లికి ముందు ఇంట్లో పందిరి రాట వేయాలి. పచ్చి కొమ్మను నాటి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొదట్లో నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్లూ పోస్తారు. కాండో బాల్కనీలో పందిరీ లేదు, నేలా లేదు. పెద్ద కుండీలో మట్టి పోసి అందులో నాటడం ఇక్కడివాళ్ల పద్ధతి. అలంకరణవాళ్ల జాబితాలో ప్లాస్టిక్ రాట ఉందని, తెగులూ గిగులూ లేకుండా అదే వేద్దామని విశ్వేశ్వరరావుగారు తేల్చారు.

"ప్లాస్టిక్ కర్రకు పసుపు రాస్తే అది రాటవుతుందా?" అంది సూర్యకుమారిగారు. "పచ్చి కొమ్మ వేసేది ఎందుకు? అది చిగురేస్తే పిల్ల కాపురం చిగురేస్తుందని. మన చెట్టు కొమ్మ ఒక్కటి తెచ్చుకుందామండీ. ఆ చెట్టు కిందే కదా పెరిగింది పిల్ల."

"రోగిష్టి చెట్టు కొమ్మ. పైగా నా నియమం. చైర్మన్ ఇంట్లోనే తప్పితే లిఫ్టులో ఎవరి నంబరు పెట్టమంటావు?"

ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట్లాడకుండా ఊరుకున్న ప్రతిసారీ ఇంట్లో ఆవిడ అనుకున్నదే జరిగింది. ఆ మాట రిస్కు విభాగంవారికి ఇంకా అందలేదు.

రాట ముహూర్తానికి బాల్కనీలో కుండీ సిద్ధంగా ఉంది. అందులో నిటారుగా ఒక కర్ర, మొదలు నుంచి చివరి దాకా పసుపు గుడ్డ చుట్టి, పైన మామిడాకులు కట్టి ఉంది. విశ్వేశ్వరరావుగారు పట్టుపంచె కట్టుకుని, స్వహస్తాలతో గుడ్డ మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాలు పోశారు. కాస్త వెనక్కి జరిగి చూసుకున్నారు.

"చూశావా సూర్యా? అచ్చం నిజం కర్ర లాగే ఉంది. ఈ రోజుల్లో ప్లాస్టిక్ ఎంత బాగా చేస్తున్నారో."

"అవునండీ" అంది సూర్యకుమారిగారు. ఉజ్వల గబగబా లోపలికి వెళ్లిపోయింది. నవ్వాపుకోలేక అని ఆయనకు తట్టలేదు. అప్పగింతలు తలచుకుని పిల్లకు కన్నీళ్లొచ్చాయనుకుని ఆయన కూడా కళ్లు తుడుచుకున్నారు.

పెళ్లి బాగా జరిగింది. పిల్ల పాసిర్ రిస్‌లో కాపురం పెట్టింది. పదహారు రోజుల పండగ అయ్యాక కుండీ బాల్కనీలో నుంచి మాయమైంది. అలంకరణవాళ్లు తీసుకుపోయి ఉంటారని ఆయన అనుకున్నారు.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆయనకు చెట్టు గుర్తొచ్చింది. ఒక ఆదివారం గేటు దాకా నడిచి, జీవితంలో మొదటిసారి తల ఎత్తి అంగ్‌సానాను చూశారు. చూసి నిలువునా నీరైపోయారు. వానలు వెనకబడిన రోజులవి. చెట్టు మీద ఆకు లేదు. అటు చివర నుంచి ఇటు చివర దాకా మోడు. అచ్చం స్లైడులోని ఎల్మ్ లాగే ఉంది.

"ప్రతి ఏడూ ఎండలకు ఆకు రాలుస్తుందండీ" అంది సూర్యకుమారిగారు. "వాన పడగానే మళ్లీ వేస్తుంది. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను కదా. కొమ్మ చివర గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటుంది."

ఆలియా కూడా అదే చెప్పింది. ఎండు తెగులైతే ఆకు వేలాడుతుందనీ, ఇలా శుభ్రంగా రాలదనీ, నాలుగు వానలు పడే దాకా ఆగమనీ చెప్పింది. కానీ ఆమె పోయినసారి మేబీ అన్న మనిషి. ఆయన ఇంకో కంపెనీని పిలిచారు. ఆ కంపెనీవాళ్లకు తమ మాట అంటూ ఏమీ లేదు, పిలిచినవాళ్లకు ఏది కావాలో ముందే అడిగి తెలుసుకుంటారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లున్న పట్టికలో మన అంగ్‌సానాను తీసుకెళ్లి ఎర్ర గడిలో పెట్టారు. గాలికి కొమ్మ విరిగి స్కూలు బస్సు మీద పడవచ్చునని రాశారు. పడవచ్చునన్న మాట ఒక్కటి ఉంటే చాలు, ఏ కౌన్సిలయినా చేతులెత్తుతుంది. చెట్టు కొట్టేయడానికి అనుమతులొచ్చాయి.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?" అని ఆవిడ చివరిసారి అడిగింది. ఆ గొంతులో కోపం కూడా లేదు, బతిమాలుకోవడమే. "రెండు వారాలు ఆగండి. ఇంతవరకు నేను మిమ్మల్ని ఏదీ ఇలా అడగలేదు."

ఆయనకు ఒక్క క్షణం ఆగాలనే అనిపించింది. వెంటనే, ఆగిన ఆ రెండు వారాల్లో కొమ్మ విరిగిపడితే తన పేరు ఏమవుతుందోనన్న ఆలోచన వచ్చింది. ఒక్క పొరపాటూ లేని పేరు. "ఆలస్యం అమృతం విషం" అని ఒక సామెత విసిరి, చెప్పులు వేసుకుని కిందికి వెళ్లిపోయారు.

రంపాలు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తి చేశాయి. ఎర్రటి జిగురు రోడ్డు మీదికి కారింది. గేటు కాపలావాళ్లు నీళ్లు కొట్టి కడిగారు, అయినా మరక పోలేదు. ఒక్క పుల్ల బయటికి పోకుండా విశ్వేశ్వరరావుగారు దగ్గరుండి అంతా పిండి చేయించి, మూతల లారీలో వేయించి, కాల్చే చోటికి పంపించారు. పని ఎంత పకడ్బందీగా జరిగిందంటే, ఆ చెట్టుకు సంబంధించినది కాంపౌండులో మొద్దు తప్ప ఏమీ మిగల్లేదు. సూర్యకుమారిగారు బాల్కనీలోకి రాలేదు. ఆ పూట వంట మాత్రం చేసింది. పప్పులో ఉప్పు సరిపోయింది, పులుసులో పులుపు సరిపోయింది, ఏదీ మాడలేదు. ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయనకు మొదటిసారి భయమేసింది.

నాలుగో రోజున వాన పడింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఆలియా గేటు దగ్గర మొద్దు ముందు గొంతుక్కూర్చుని కనిపించింది. గొడుగు పట్టుకుని ఆయన కూడా వెళ్లి నిలబడ్డారు. ఆమె వేలితో చెక్క మీద ఒక నల్లటి వంపు చూపించింది.

"ఇదో అంకుల్, రోగం. ఇక్కడ దాకా వచ్చింది. చూడుండ్రి, ఇక్కడ ఆగిపోయింది. బయట అంతా తెల్లగుంది కదా, అది తర్వాత పెంచుకున్న చెక్క. ఎక్కడ్నో జర మూసుకుంది, మిగిలిందంతా నడిపిచ్చుకుంది."

"అంటే?"

"అంటే గెలిచింది అంకుల్. మీరు కొట్టినప్పుడు దానికి రోగం లేదు."

ఆలియా లేచి చేతులు తుడుచుకుంది. వెనకటికి ఈ ఊళ్లో ఈ తెగులు అంగ్‌సానాలను వరసగా చంపినప్పుడు, చావకుండా నిలబడ్డ చెట్ల కొమ్మలే తెచ్చి మళ్లీ నాటారని చెప్పింది. అంగ్‌సానా కొమ్మ పాతితే బతుకుతుంది. తట్టుకున్న చెట్టు నుంచి కోసిన ప్రతి కొమ్మా ఆ చెట్టే.

"ఒక్క కొమ్మ ఉన్నా, తెగులును తట్టుకుంటదా లేదా అని చూసే పరీక్షకు ఇద్దుము. ఏమన్నా మిగిలిందా?"

"ఏమీ మిగల్లేదు" అన్నారు విశ్వేశ్వరరావుగారు. "నేనే దగ్గరుండి చూసుకున్నాను."

ఆ మాట ఆయన ఎప్పుడూ గర్వంగా అనే మాట. ఆ రోజు మాత్రం చేతులు కాలాక పట్టుకుందామంటే ఆకులు కూడా లేకుండా చేసుకున్నానని తెలిసింది. ఇంటికి వెళ్లి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ అంతా విని, "ఆదివారం పిల్ల దగ్గరికి వెళ్దాం" అంది. నాలుగు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

పాసిర్ రిస్‌లో ఉజ్వల ఫ్లాటు ముందు వరండాలో చెప్పుల స్టాండు, సైకిలు, వాటి పక్కన ఒక కుండీ ఉన్నాయి. కుండీలో మోచేతి లావు కర్ర ఒకటి నిలబడి ఉంది. కర్ర చివర గుత్తులుగా లేత ఆకులు, గాలికి వణుకుతున్నాయి. కర్ర మొదట్లో ఇంకా పసుపు మరక ఉంది. దాని చుట్టూ పెసలూ మినుములూ మొలిచి వాడిపోయిన గుర్తులున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"మా పెళ్లిరాట నాన్నా."

"అది ప్లాస్టిక్ కదా?"

"ప్లాస్టిక్‌కు ఆకులొస్తాయా నాన్నా? డోంట్ బీ లైక్ దట్ లా" అంది ఉజ్వల ఈ ఊరి ఇంగ్లీషులో.

ఆయన భార్య వైపు తిరిగారు. వెంటనే నోటికొచ్చింది ముప్పై ఏళ్ల అలవాటే. "ఎవరైనా చూశారా?"

"చూశారు" అంది సూర్యకుమారిగారు. "మీరే చూశారు. మీరే పసుపు రాశారు, మీరే పాలు పోశారు. ఎంత బాగుందని మెచ్చుకున్నారు కూడా."

కృష్ణచైతన్య ఈసారి నవ్వాపుకోలేకపోయాడు. విశ్వేశ్వరరావుగారికి నవ్వు రాలేదు. కుండీ పక్కన వంగి, ఎవరూ చెప్పకుండానే, కర్రను గోటితో కొంచెం గీకారు. లోపల పచ్చగా ఉంది. కాసేపటికి ఆ గీత వెంట ఎర్రగా చెమ్మ ఊరింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఆ సాయంత్రమే ఆలియా వచ్చి చూసింది. కొమ్మ చివర కొంచెం కోసి, చెక్క శుభ్రంగా ఉందంది, అయినా వేరే చెట్ల దగ్గర పెట్టొద్దంది. మోయడానికి కుండీ బరువుంది కాబట్టి పరీక్షకు తన బండిలో తనే తీసుకెళతానంది. కానీ ఒక మాట చెప్పింది. ఎక్కడి చెట్టుది, దానికి ఏ రోగమొచ్చి తగ్గింది, ఎప్పుడు, ఎవరు కోశారు, అవన్నీ పరీక్ష చేసేవాళ్ల కోసం ఇంటివాళ్లే స్వయంగా చెప్పాలి. అవి లేకపోతే ఇది తట్టుకున్న చెట్టు కొమ్మ కాదు, ఉత్త కొమ్మ. పైగా కాండో చైర్మన్ నుంచి కూడా అవునని రావాలి.

"మొదలు గిది నిజంగా తట్టుకునే రకమా, ఒక్కసారి గట్టెక్కిందా, అది కూడా తెల్వదు అంకుల్. పరీక్షలో పోవచ్చు. మేబీ."

"సరేనమ్మా" అన్నారాయన. "మేబీ చాలు."

తిరుగు రైలులో ఆయన లెక్కలు వేసుకున్నారు. వచ్చే వారం కాండో వార్షిక సమావేశం. సుధాకరరావు పోటీకి నిలబడుతున్నాడు. దొంగ కొమ్మ చైర్మన్ ఇంట్లో నుంచే పోయిందని తెలిస్తే వేరే ప్రచారం అక్కర్లేదు. సూర్యకుమారిగారు ఆయన ముఖం చూసి, జాలిపడి, "ఎక్కడో దొరికిన కొమ్మ అని చెప్పేద్దాం లెండి. కుండీ అక్కడే ఉంటుంది. నాకు అది బతికి ఉంటే చాలు" అంది. ఆయన కిటికీలోంచి చెట్లనే చూస్తూ కూర్చున్నారు. ఆ దారి వెంట ఇన్ని చెట్లున్నాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున లిఫ్టులో కొత్త నోటీసు కనిపించింది. గేటు దగ్గరి అంగ్‌సానా కొమ్మను నియమం తప్పి కోసి తీసుకెళ్లినందుకు ఒక ఫ్లాటు నంబరు ప్రకటించారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. "ఆ చెట్టుకు తెగులు తగ్గిపోయింది. దాన్ని కొట్టించడం తప్పు. కొట్టించింది కూడా ఈ ఫ్లాటే." కింద చైర్మన్ సంతకం.

ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఎక్కిన సుధాకరరావు దాన్ని ఒకసారి చదివాడు, పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు, మళ్లీ చదివాడు.

"సార్, ఇది మీ ఫ్లాటు కదా?"

"మాదే."

"సంతకం?"

"అదీ నాదే."

సుధాకరరావు కాస్త ఇబ్బంది పడ్డాడు. "తీసేద్దాం లెండి సార్. ఇంకా ఎవరూ చూడలేదు."

"వారం ఉండాలి" అన్నారు విశ్వేశ్వరరావుగారు. "నియమం."

కింద లిఫ్టు దిగి గేటు వైపు నడిచారు. పాసిర్ రిస్‌లో ఆలియాను కలిసి, పరీక్షకు కావలసిన మాటలన్నీ చెప్పాలి. సూర్యకుమారిగారు చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెనక వస్తోంది. ఆయన చేతిలో ఒక్క గొడుగు కూడా లేదని ఆవిడ గమనించింది. ఫోను మోగింది. ట్యాక్సీ డ్రైవరు రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు, గేటు దొరకడం లేదు.

"అంకుల్, పెద్ద చెట్టు ఎక్కడ?" అని అడిగాడు.

విశ్వేశ్వరరావుగారు తల ఎత్తి చూశారు. "చెట్టు లేదు" అన్నారు. "నేను అక్కడే నిలబడతాను. నన్ను చూసి ఆపండి." ఫోను జేబులో పెట్టుకుని వెళ్లి, మొద్దు పక్కన ఎండలో నిలబడ్డారు.